ఇంట్లో వీఎం సర్వర్: పెట్టడం ఒక సాయంత్రం పని, నడపడమే అసలు పని

ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసేసిన మినీ పీసీలు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో బాగా దొరుకుతున్నాయి. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ... సికింద్రాబాద్ సీటీసీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ఈ మూడింట్లో ఏదో ఒకటి తగులుతుంది. అలాంటి డబ్బా ఒకటి కొని, ప్రాక్స్‌మాక్స్ వేసి, అందులో నాలుగైదు వర్చువల్ మెషీన్లు నడపడం ఎలాగో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. కానీ చాలా వీడియోలు మొదటి వీఎం బూట్ అవగానే అయిపోతాయి. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసిన రోజు అది మీ బొమ్మ. ఇంట్లోవాళ్ల ఫోన్లలోని ఫోటోలు అందులోకి వెళ్లడం మొదలైన రోజు నుంచి అది మీ బాధ్యత. అమ్మ "స్టోరేజ్ ఫుల్" అని ఫోన్‌లోంచి ఫోటోలు డిలీట్ చేసిందనుకోండి, ఆ క్షణం నుంచి ఆ ఫోటోలకి మీ టేబుల్ మీదున్న డబ్బా ఒక్కటే దిక్కు. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

అసలు లోపల ఏం జరుగుతోంది?

సింపుల్‌గా చెప్పాలంటే, వర్చువల్ మెషీన్ అంటే ఒక కంప్యూటర్‌లో నడిచే ఇంకో కంప్యూటర్. దానికి తన సొంత కెర్నల్, సొంత డిస్క్, సొంత ఐపీ అడ్రస్ ఉంటాయి. కింద ఉన్న అసలు మెషీన్‌ని హోస్ట్ అంటారు, పైన నడిచేవి గెస్ట్‌లు. ఇది డేటా సెంటర్లకే పరిమితమైన టెక్నాలజీ కాదు. 2025 మార్చిలో పిక్సెల్ ఫోన్లకి వచ్చిన లైనక్స్ టెర్మినల్ యాప్ కూడా ఫోన్ లోపల ఒక వీఎం పెట్టి అందులోనే డెబియన్ నడుపుతుంది.

లైనక్స్‌లో ఈ పని చేసేది కేవీఎం. 2007లో లైనక్స్ కెర్నల్‌లోకి వచ్చేసింది. ప్రాక్స్‌మాక్స్ వీఈ అంటే డెబియన్ లైనక్స్, దాని మీద కేవీఎం, ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్లు, వాటన్నిటినీ బ్రౌజర్‌లోంచి నడపడానికి ఒక వెబ్ ప్యానెల్. ఆస్ట్రియాలోని వియన్నాకి చెందిన కంపెనీ 2008 నుంచి దీన్ని ఇస్తోంది. ఓపెన్ సోర్స్, ఫీచర్లకి తాళాలు లేవు. 2023 నవంబర్‌లో వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కొనేశాక, 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది గానీ, ఈలోపే హోమ్ ల్యాబ్ పెట్టుకున్నవాళ్లు చాలామంది ప్రాక్స్‌మాక్స్‌కి మారిపోయారు.

వీఎంకీ కంటైనర్‌కీ తేడా కూడా చెప్పేస్తా. కంటైనర్ హోస్ట్ కెర్నల్‌నే పంచుకుంటుంది, అందుకే తేలిక. 512 ఎంబీ ర్యామ్‌తో కూడా హాయిగా నడుస్తుంది. వీఎం బరువెక్కువ, కానీ గోడ గట్టిది. డాకర్ నడపాలంటే వీఎంలోనే నడపండి, ప్రాక్స్‌మాక్స్ వాళ్ల సలహా కూడా అదే.

నా సెటప్

ఇంటెల్ కోర్ ఐ5-8500టీ (6 కోర్లు, 6 థ్రెడ్లు), 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. పనేమీ లేనప్పుడు 10 నుంచి 15 వాట్లు తాగుతుంది. 15 వాట్లే అనుకున్నా నెలకి దాదాపు 11 యూనిట్లు. అదే 100 వాట్లు లాగే పాత టవర్ సర్వర్ అయితే 72 యూనిట్లు. సర్వర్ కొనేటప్పుడు ధర ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా చూసుకోవాలి.

లోపల ఉన్నవి ఇవి:

- ఫోటోల వీఎం (డెబియన్ మీద ఇమ్మిచ్): 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, 700 జీబీ డిస్క్
- హోమ్ అసిస్టెంట్ వీఎం: 2 కోర్లు, 4 జీబీ, 32 జీబీ డిస్క్
- విండోస్ 11 వీఎం: 4 కోర్లు, 8 జీబీ, 120 జీబీ డిస్క్
- ప్రయోగాల వీఎం: 2 కోర్లు, 4 జీబీ, 64 జీబీ డిస్క్
- పై-హోల్ కంటైనర్: 1 కోర్, 512 ఎంబీ, 8 జీబీ డిస్క్

ఇప్పుడు కూడి చూడండి. కోర్లు 13 అయ్యాయి, ఉన్నవి 6. ర్యామ్ 24.5 జీబీ, ఉన్నది 32. డిస్క్ 924 జీబీ. ఈ మూడు లెక్కలూ మూడు వేర్వేరు కథలు చెబుతాయి. సర్వర్ నడపడంలో సగం విషయం ఇక్కడే ఉంది.

సీపీయూ: ఎక్కువ ఇచ్చినా పర్లేదు

6 కోర్లున్న మెషీన్‌లో 13 కోర్లు పంచిపెట్టడం తప్పు కాదు. ఎందుకంటే అన్ని వీఎంలూ ఒకేసారి ఫుల్ స్పీడ్‌లో పనిచేయవు. పై-హోల్ రోజంతా దాదాపు ఖాళీగానే కూర్చుంటుంది. ఇమ్మిచ్ కొత్త ఫోటోలు వచ్చినప్పుడు ముఖాలు గుర్తుపట్టే పని చేస్తుంది, తర్వాత పడుకుంటుంది. ఒకవేళ అందరూ ఒకేసారి లేచినా జరిగేది ఒక్కటే: అందరూ కాస్త నెమ్మదిస్తారు. ఎవరూ చావరు.

ఒకే సర్వర్ ఉన్నవాళ్లు వీఎం సెట్టింగ్స్‌లో సీపీయూ టైప్‌ని "హోస్ట్" అని పెట్టుకుంటే మీ ప్రాసెసర్ ఫీచర్లు గెస్ట్‌కి కూడా అందుతాయి. వేర్వేరు ప్రాసెసర్లున్న రెండు సర్వర్ల మధ్య వీఎంలు మార్చే ఆలోచన ఉంటేనే డీఫాల్ట్‌గా వదిలేయండి.

ర్యామ్: ఇక్కడ మొహమాటం వద్దు

సీపీయూ తక్కువైతే నెమ్మదిస్తుంది. ర్యామ్ తక్కువైతే ఎవరో ఒకరు పోతారు.

హోస్ట్ లైనక్స్ దృష్టిలో మీ వీఎం అనేది ఒక ప్రాసెస్ మాత్రమే. ర్యామ్ పూర్తిగా అయిపోతే కెర్నల్ తనని తాను కాపాడుకోవడానికి ఏదో ఒక ప్రాసెస్‌ని ఆపేస్తుంది. దేన్ని ఆపాలో ఎంచుకునేటప్పుడు ముఖ్యంగా చూసేది ఎవరు ఎక్కువ మెమరీ వాడుతున్నారని. మన ఇళ్లల్లో ఎక్కువ మెమరీ వాడే వీఎం ఏది? చాలాసార్లు ముఖ్యమైనదే. ప్రయోగాల కోసం అర్ధరాత్రి ఇంకో రెండు వీఎంలు ఆన్ చేస్తే, పొద్దున్నకి పడిపోయేది అవి కాదు, ఫోటోల సర్వర్. మామూలుగా షట్‌డౌన్ అవ్వడం కూడా కాదు, కరెంట్ పీకేసినట్టు ఆగిపోతుంది.

అందుకే నా రూల్ సింపుల్: అన్ని వీఎంలూ ఒకేసారి ఆన్‌లో ఉన్నా హోస్ట్‌కి కనీసం 4 జీబీ మిగలాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లు దాని క్యాష్‌ని కూడా లెక్కలో కలపాలి. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఈ క్యాష్ మొత్తం ర్యామ్‌లో 10 శాతానికి (గరిష్ఠంగా 16 జీబీకి) పరిమితం అవుతుంది. అంతకుముందు వేసిన సిస్టమ్ అయితే సగం ర్యామ్ వరకూ తీసుకోవచ్చు.

బెలూనింగ్ అనే ఫీచర్ ఉంది, గెస్ట్ వాడని మెమరీని హోస్ట్ వెనక్కి తీసుకుంటుంది. మంచిదే. కానీ దాన్ని అత్యవసరానికి దాచుకోండి, దాని మీద భరోసా పెట్టుకుని ప్లాన్ చేయొద్దు. గ్రాఫిక్స్ కార్డ్ లాంటి పీసీఐ డివైస్‌ని నేరుగా ఇచ్చిన వీఎంకైతే అది పనికి రాదు, దాని ర్యామ్ మొత్తం ముందే లాక్ అయిపోతుంది.

డిస్క్: ఇచ్చిన మాట 924, చేతిలో ఉన్నది 800

1 టీబీ ఎస్‌ఎస్‌డీ మీద డీఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ చేస్తే, హోస్ట్ తన వాటా తీసుకున్నాక వీఎంల కోసం దాదాపు 800 జీబీ మిగులుతుంది. నేను పంచింది 924. ఇది ఎలా కుదిరిందంటే, ఎల్‌వీఎం-థిన్ అనే పద్ధతిలో 700 జీబీ డిస్క్ అని చెప్పినా అసలు రాసినంత మేరకే స్థలం పోతుంది. 250 జీబీ ఫోటోలుంటే 250 జీబీయే.

చిట్టీ పాటలాగే ఇదీ అందరూ ఒకేసారి అడగనంతవరకే నడుస్తుంది. పూల్ నిండిపోతే గెస్ట్‌కి ఆ సంగతి తెలియదు. దాని లెక్క ప్రకారం ఇంకా 300 జీబీ ఖాళీ. రాయబోతుంది, కింద చోటు లేదు, ఎర్రర్ వస్తుంది. డేటాబేస్ రాస్తున్న మధ్యలో ఇలా జరిగితే ఫైల్ సిస్టమ్ పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా అదే పూల్ మీదున్న మిగతా వీఎంలు కూడా ఇరుక్కుంటాయి.

చేయాల్సినవి మూడు:

1. పూల్ 80 శాతం దాటకుండా చూసుకోండి. దాటితే కొత్త వీఎం కాదు, కొత్త డిస్క్ గురించి ఆలోచించండి.
2. వీఎం డిస్క్ ఆప్షన్లలో "డిస్కార్డ్" టిక్ చేయండి, గెస్ట్ లోపల ట్రిమ్ నడుస్తోందో లేదో చూడండి. లేకపోతే గెస్ట్‌లో ఫైల్ డిలీట్ చేసినా హోస్ట్‌కి ఆ చోటు తిరిగి రాదు.
3. పాత స్నాప్‌షాట్లు తీసేయండి. స్నాప్‌షాట్ ఉన్నంతకాలం మారిన డేటా, పాత డేటా రెండూ ఉంటాయి, చోటు చాపకింద నీరులా తగ్గిపోతుంది.

ప్యానెల్‌లో "డిస్క్స్" అనే చోట ఎస్‌ఎస్‌డీ ఎంత అరిగిందో చూపించే "వేర్‌అవుట్" కాలమ్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ పీసీతో పాటు వచ్చిన ఎస్‌ఎస్‌డీ అయితే మొదటి రోజే అది చూడండి.

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు

ఇది పెద్ద అక్షరాలతో రాసి సర్వర్ మీద అంటించుకోదగ్గ మాట. స్నాప్‌షాట్ అంటే అదే డిస్క్ మీద "ఈ క్షణానికి ఇలా ఉంది" అని పెట్టుకున్న గుర్తు. అప్‌డేట్ ముందు తీసుకోవడానికి అద్భుతం, తేడా వస్తే నిమిషంలో వెనక్కి వెళ్లొచ్చు. కానీ ఎస్‌ఎస్‌డీ పోతే వీఎంతో పాటు స్నాప్‌షాట్లూ పోతాయి.

బ్యాకప్ అంటే ఇంకో డిస్క్ మీద, వీలైతే ఇంకో మెషీన్ మీద ఉండే కాపీ. ప్రాక్స్‌మాక్స్‌లో "డేటాసెంటర్" కింద "బ్యాకప్"లోకి వెళ్లి టైమ్ సెట్ చేస్తే చాలు, వీఎం నడుస్తుండగానే కాపీ తీసేస్తుంది. ముందు గెస్ట్ లోపల క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ ఇన్‌స్టాల్ చేసి, వీఎం ఆప్షన్లలో కూడా ఆన్ చేయండి. అప్పుడు కాపీ మొదలయ్యే క్షణంలో ఫైల్ సిస్టమ్‌ని ఆపి పట్టుకుంటుంది కాబట్టి, సగం రాసిన ఫైళ్ల బెడద తగ్గుతుంది.

ఎన్ని ఉంచాలి? నేను రోజువారీవి 7, వారానివి 4, నెలవి 3 ఉంచుతాను. ఇంకో పాత పీసీ ఉంటే అందులో ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేయండి. అదీ ఉచితమే. మొదటిసారి మొత్తం కాపీ చేసి, ఆ తర్వాత కొత్తగా మారిన ముక్కల్నే దాచుకుంటుంది, అందుకే 14 బ్యాకప్‌లున్నా 14 రెట్ల చోటు పట్టదు. దాన్ని అదే సర్వర్‌లో ఒక వీఎంగా నడిపి, అదే డిస్క్ మీద దాచుకోవడం మాత్రం తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేయడమే.

ఫోటోల విషయంలో 3-2-1 పద్ధతి పాటించండి: 3 కాపీలు, 2 రకాల స్టోరేజ్, 1 కాపీ ఇంటి బయట. బయటి కాపీ అనగానే నెలనెలా క్లౌడ్ బిల్లు కట్టక్కర్లేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన ఒక యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌ని ఊళ్లో బీరువాలో పెట్టి, పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చుకుని వస్తే చాలు. కాస్త పాతదైనా, దొంగతనం జరిగినా, షార్ట్ సర్క్యూట్ అయినా నిలిచేది ఆ కాపీయే.

ఇంకో మాట: కంటైనర్‌కి బైండ్ మౌంట్‌గా ఇచ్చిన ఫోల్డర్ కంటైనర్ బ్యాకప్‌లో రాదు. బ్యాకప్ లాగ్‌లో "సక్సెస్" అని పచ్చగానే ఉంటుంది, ఫోటోలు మాత్రం అందులో ఉండవు.

రీస్టోర్ చేసి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకోవద్దు

నెలకోసారి నేను చేసేది ఇది, 20 నిమిషాల పని.

1. బ్యాకప్ లిస్ట్‌లోంచి ఫోటోల వీఎంని కొత్త ఐడీ నంబర్‌తో రీస్టోర్ చేయాలి. "యూనిక్" టిక్ చేస్తే కొత్త మ్యాక్ అడ్రస్ వస్తుంది. అయితే డిస్క్ పెద్దదైతే ఈ కాపీకి చోటు ఉండాలి. నేను దీన్ని బ్యాకప్ కోసం పెట్టుకున్న రెండో మెషీన్ మీదే చేస్తాను. మీకు అది లేకపోతే కనీసం చిన్న వీఎం ఒకదానితో చేయండి, ఫోటోల బ్యాకప్‌ని "ఫైల్ రీస్టోర్" బటన్‌తో తెరిచి చూడండి.
2. స్టార్ట్ చేసే ముందు నెట్‌వర్క్ కార్డ్ సెట్టింగ్‌లో "డిస్‌కనెక్ట్" పెట్టాలి. లేకపోతే ఒకే ఐపీతో రెండు సర్వర్లు లేచి కొట్టుకుంటాయి.
3. బూట్ చేసి, కన్సోల్‌లోంచి లాగిన్ అయ్యి, సర్వీసులు లేచాయా, నిన్నటి ఫోటో ఉందా అని చూడాలి.
4. ఎంత టైమ్ పట్టిందో రాసుకుని, ఆ కాపీని డిలీట్ చేయాలి.

ఆ నాలుగో పాయింట్ చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నిజంగా ఎస్‌ఎస్‌డీ పోయిన రోజు "ఎప్పటికి వస్తుంది?" అని ఇంట్లో అడిగితే చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉంటుంది.

ఈ బ్యాకప్‌లో వీఎం సెట్టింగ్స్ కూడా వస్తాయి, కానీ హోస్ట్ రాదు. హోస్ట్ పోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే. కాబట్టి హోస్ట్ ఐపీ, స్టోరేజ్ పేర్లు, బ్యాకప్ సర్వర్ వివరాలు ఒక కాగితం మీద రాసి ఉంచండి. అవును, కాగితమే. సర్వర్‌లోని నోట్స్ యాప్‌లో కాదు!

అప్‌డేట్లు, రీబూట్లు

ఇన్‌స్టాల్ చేయగానే అప్‌డేట్ లిస్ట్ రిఫ్రెష్ చేస్తే ఎర్రర్ వస్తుంది. కారణం, డీఫాల్ట్‌గా ఉండేది డబ్బు కట్టినవాళ్లకిచ్చే ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ. "అప్‌డేట్స్" కింద "రిపాజిటరీస్"లో దాన్ని ఆపేసి, "నో-సబ్‌స్క్రిప్షన్" అన్నది చేర్చుకోండి. చాలామంది ఆ ఎర్రర్ చూసి అప్‌డేట్లే మానేస్తారు, అది ప్రమాదం. హోస్ట్‌లో సెక్యూరిటీ లోపం ఉంటే పైనున్న అన్ని వీఎంలకీ అదే గతి.

కెర్నల్ అప్‌డేట్ వస్తే రీబూట్ తప్పదు, అంటే అన్ని వీఎంలూ ఆగుతాయి. కంపెనీల్లో అయితే నడుస్తున్న వీఎంని ఇంకో సర్వర్‌కి జరిపి ఈ పని చేస్తారు. ఒక్క డబ్బా ఉన్న మనకి టైమ్ చూసుకోవడమే మార్గం. పై-హోల్ కూడా ఇందులోనే ఉంటే రీబూట్ కొట్టిన పది సెకన్లలో హాల్లోంచి "నెట్ పోయింది!" అనే అరుపు వినిపిస్తుంది. అందుకే "స్టార్ట్ ఎట్ బూట్" ఆన్ చేసి, ఆర్డర్‌లో పై-హోల్‌ని 1గా పెట్టండి. ఆ తర్వాత ఫోటోలు, హోమ్ అసిస్టెంట్. విండోస్, ప్రయోగాల వీఎంలు వాటంతట అవి లేవక్కర్లేదు.

8 నుంచి 9 లాంటి పెద్ద వెర్షన్ మార్పుకి మాత్రం తొందరపడొద్దు. 2025 ఆగస్టులో వచ్చిన వెర్షన్ 9 డెబియన్ 13 మీద నడుస్తుంది. మారే ముందు సిస్టమ్‌ని పరీక్షించి హెచ్చరికలు చూపించే స్క్రిప్ట్ వాళ్లే ఇస్తారు, అది నడిపి, బ్యాకప్ తీసుకున్నాకే మొదలుపెట్టండి.

నెట్‌వర్క్: తలుపు బార్లా తెరవొద్దు

సర్వర్‌ని లాన్ కేబుల్‌తోనే రౌటర్‌కి కలపండి. వీఎంలు వాడే బ్రిడ్జ్ మామూలు వైఫై మీద సరిగా పనిచేయదు. రౌటర్‌లో ప్రతి వీఎంకీ ఒక ఐపీ రిజర్వ్ చేసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

బయట ఉన్నప్పుడు ఫోన్‌లోంచి ఫోటోలు చూడాలని, రౌటర్‌లో 8006 పోర్ట్ ఓపెన్ చేయడం మాత్రం వద్దు. అది ప్రాక్స్‌మాక్స్ ప్యానెల్ పోర్ట్. అందులోకి ఎవరైనా వస్తే ఒక్క వీఎం కాదు, ఇల్లంతా వాళ్లదే. ఎలాగూ మన దగ్గర చాలా కనెక్షన్లు సీజీనాట్ వెనక ఉంటాయి, పోర్ట్ తెరిచినా పనిచేయదు. టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ వీపీఎన్ ఫోన్‌లో, సర్వర్‌లో వేసుకుంటే రెండు సమస్యలూ తీరతాయి. రూట్ యూజర్‌కి టూ-ఫ్యాక్టర్ ఆన్ చేయడం ఐదు నిమిషాల పని, ఈరోజే చేసేయండి.

కరెంటు, ఎండలు

మన ఊళ్లల్లో సర్వర్‌కి అసలు శత్రువు హ్యాకర్ కంటే ముందు కరెంటు కోత. ఇన్వర్టర్ ఉంటే దాన్ని "యూపీఎస్ మోడ్"లో ఉంచండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ చిన్న గ్యాప్‌కే పీసీ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. ఇన్వర్టర్ లేకపోతే యూఎస్‌బీ పోర్ట్ ఉన్న చిన్న యూపీఎస్ కొనండి. దాన్ని నట్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలిపితే, బ్యాటరీ తగ్గగానే వీఎంలన్నీ పద్ధతిగా షట్‌డౌన్ అవుతాయి. బయోస్‌లో "కరెంటు వచ్చాక ఆన్ అవ్వు" అనే ఆప్షన్ కూడా పెట్టండి, లేదంటే మీరు ఊళ్లో లేనప్పుడు ఎవరో ఒకరు వెళ్లి బటన్ నొక్కాలి. ఎండాకాలం మూసిన కప్‌బోర్డ్‌లో పెట్టొద్దు.

నెలకోసారి చూడాల్సినవి

- స్టోరేజ్ పూల్ 80 శాతం లోపే ఉందా?
- అన్ని వీఎంలూ ఆన్‌లో ఉన్నా హోస్ట్‌కి 4 జీబీ మిగులుతోందా?
- బ్యాకప్ ఫెయిల్ అయితే మెయిల్ వస్తోందా?
- ఒక రీస్టోర్ చేసి చూశారా?
- ఎస్‌ఎస్‌డీ వేర్‌అవుట్ ఎంత?
- అప్‌డేట్లు పెండింగ్ ఉన్నాయా?

మరి పెట్టాలా, వద్దా?

లైనక్స్ నేర్చుకోవాలన్నా, క్లౌడ్ ఉద్యోగాల వైపు వెళ్లాలన్నా ఇంతకంటే మంచి ప్రాక్టీస్ నాకు తెలియదు. ప్రయోగాల వీఎంలు ఎన్ని పాడుచేసినా పోయేదేమీ లేదు, చెరిపి మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ ఫోటోల వీఎం అలాంటిది కాదు. మీ సర్వర్‌లో ఉన్నవాటిని రెండు లిస్టులుగా రాయండి: పోతే మళ్లీ పెట్టుకోగలిగేవి, పోతే తిరిగిరానివి. రెండో లిస్ట్‌లో ఒక్కటి ఉన్నా, ఇంటి బయట కాపీ, ఒకసారి రీస్టోర్ చేసి చూడటం, ఈ రెండూ పూర్తయ్యేదాకా ఇంట్లోవాళ్లతో "ఇక ఫోన్‌లో డిలీట్ చేసేయొచ్చు" అని చెప్పకండి.